నిమ్మకాయ పెట్టని బండి

నేను నోరు తెరిస్తే చాలు, ఈ జిల్లాలో ఉన్న మూఢనమ్మకాలన్నీ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతాయని గట్టిగా నమ్మిన రోజులవి. (అదీ రుజువు లేని నమ్మకమేనని తరువాత తెలిసింది.) భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాడిని. సాయంత్రాలు ఎక్కడ సభ పెడితే అక్కడికి వెళ్లి జాతకాల మీద, వాస్తు మీద, దిష్టిబొమ్మల మీద విరుచుకుపడేవాడిని. మిగిలిన కాలమంతా నా పాత జపాను మోటారుసైకిలును తుడుచుకోవడానికే సరిపోయేది. అలాంటి టూ స్ట్రోకు బండ్లున్న పన్నెండు మందిమి కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. ఆ బండ్లను కంపెనీలు తయారుచేయడం మానేసి చాలా ఏళ్లయింది. విడిభాగం ఒకటి కావాలంటే పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ గాలించాలి. అయినా ఆదివారం పొద్దున్నే పన్నెండూ ఒకేసారి స్టార్టయి కాలవగట్టు మీద వరసగా వెళ్తుంటే, పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లవాళ్లు కూడా ఆగి చూసేవారు. ఆ గర్వం నాకిప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

రొయ్యల చెరువులున్న రాజుగారు క్లబ్బుకి పెద్ద. చెరువుల మీద ఎంత శ్రద్ధో బండి మీదా అంతే శ్రద్ధ. ఆయన పెట్టిన నియమాలు రెండే. అందరికంటే నిదానంగా నడిచే బండి ముందుండాలి, మిగతావి దాని వెనకాలే రావాలి. అన్నిటికంటే వెనక మా మెకానిక్కు ఉండాలి. ఈ మెకానిక్కు ఒక చర్చి పాస్టరుగారి అబ్బాయి, అందరం పిస్టన్ అని పిలిచేవాళ్లం. వెనక నుంచే, పొగ రంగును బట్టీ, శబ్దాన్ని బట్టీ ఏ బండికి ఏ జబ్బో చెప్పేసేవాడు. నియమాలు రెండయినా ఆచారం మాత్రం ఒకటుంది. బయలుదేరే ముందు ప్రతి బండి ముందు చక్రం కిందా నిమ్మకాయ పెట్టి తొక్కించాలి. పిస్టన్ నిమ్మకాయ పెట్టేవాడు కాదు, ట్యాంకు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు. నేను రెండూ చేసేవాడిని కాదు. చేయకుండా ఊరుకుంటే సరిపోయేది, ఎందుకు చేయనో చెప్పేవాడిని.

అన్నవరం ప్రయాణం పెట్టుకున్న రోజున రాజుగారు నిమ్మకాయ పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

“మాస్టారూ, మీదొక్కటే మిగిలిందండి. దూరాభారం ప్రయాణం. నా మాట వినండి.”

“నిమ్మకాయకీ ఇంజనుకీ సంబంధమేంటో చెప్పండి, పెడతాను.”

“సంబంధం తెలిస్తే మేం చెప్పడమెందుకండీ, మీరే మాకు పాఠం చెబుదురు.”

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. “నా బండి దారిలో ఆగితే, ఆగిన చోటే నా చేత్తో నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొడతాను. ఆగకుండా వెళ్లొస్తే ఈ నిమ్మకాయల తంతు క్లబ్బులో మానేయాలి. సరేనా?”

“ఆయ్, సరేనండి,” అని రాజుగారు ఆ నిమ్మకాయను చొక్కా జేబులో వేసుకున్నారు. “ఇది ఇక్కడే ఉంటుందండి.”

ఇక్కడ బండి గురించి ఒక ముక్క చెప్పాలి. టూ స్ట్రోకు ఇంజనులో పిస్టన్ అరిగిపోకుండా ఉండాలంటే పెట్రోలుతో పాటు నూనె కూడా వెళ్లాలి. నా బండికి నూనె పంపు ఏనాడో పాడైపోయింది. అందుకని పెట్రోలు పోయించిన ప్రతిసారీ ట్యాంకులో కొలతగా నూనె కలపాలి. సంచీలో నా కరపత్రాల పక్కన ఒక నూనె సీసా ఎప్పుడూ ఉండేది. రావులపాలెం దగ్గర బంకులో ఆగినప్పుడు నా ట్యాంకు దాదాపు ఖాళీ. పెట్రోలు పోస్తున్న ఆవిడ, “ఆయిలు కలపమంటారా అండీ?” అని అడిగింది. నేను అప్పుడు ఇద్దరు సభ్యులను పట్టుకుని కార్యకారణ సంబంధం గురించి చెబుతున్నాను. మంచి పట్టులో ఉన్నాను. “ఉండమ్మా, మాట్లాడుతున్నాను కదా,” అన్నాను. ఆవిడ ఉంది. నేను మాట్లాడాను. తరువాత మూత బిగించి బయలుదేరాను.

వంతెన దాటుతుండగా పిస్టన్ వెనక నుంచి పక్కకి వచ్చి అరిచాడు. “మాస్టారూ, మీ బండికి పొగ రాట్లేదేంటండి?”

“శుభ్రంగా నడుస్తోందయ్యా! మన ట్యూనింగు అలాంటిది!” అన్నాను. (నూనె కాలితేనే పొగ వస్తుంది. ఈ సంగతి నేనే అందరికీ ఎన్నోసార్లు చెప్పాను.)

కడియం నర్సరీల దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఒక్కసారి మూలిగింది. వెనక చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద జారింది. క్లచ్చు పట్టుకోవడంతో ప్రాణం దక్కింది. పన్నెండు బండ్లూ ఆగాయి. నా బండిని తోసుకెళ్లి ఒక నర్సరీలో గులాబీ మొక్కల పక్కన నీడలో పెట్టాం. మొక్కలకు నీళ్లు పెడుతున్న ఆవిడ సెగ చూసి జాలిపడి, “కాస్త నీళ్లు కొట్టమంటారా బాబూ?” అంటూ గొట్టం ఇటు తిప్పింది. “వద్దమ్మా వద్దు, వేడి మీద ఇంజను పగిలిపోద్ది!” అని పిస్టన్ బండికి అడ్డంగా నిలబడ్డాడు.

రాజుగారు జేబులోంచి నిమ్మకాయ తీసి అరచేతిలో పెట్టుకున్నారు. “చెప్పానా లేదా? పెట్టలేదు, పట్టేసింది,” అని ఎవరో అన్నారు.

అప్పటికే నాకు సంగతి అర్థమైంది. సంచీ తడిమితే సీసా నిండుగా తగిలింది. సీలు కూడా తీయలేదు. ఘర్షణ మీద ఏటా పాఠం చెప్పేవాడిని. నిజం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే నిమ్మకాయ గెలుస్తుంది. రెండూ జరగకుండా ఒక దారి కనబడింది. “పెట్రోలు కల్తీ అయుంటుంది,” అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే. ఎందుకంటే మావాళ్లు వెంటనే నమ్మేశారు. “ఆ బంకావిడ సంగతి తేలుద్దాం పదండి! మాస్టారి బండికే కల్తీ పోస్తుందా?” అని అయిదారు బండ్లు వెనక్కి తిరిగాయి. నూనె కలపమంటారా అని అడిగిన ఏకైక మనిషి ఆవిడ. నిమ్మకాయను ఉత్తపుణ్యానికి నిందించేవాడిని నేను. ఇప్పుడు నిమ్మకాయ పాటి తప్పు కూడా చేయని మనిషి మీదకి అయిదారుగురిని పంపుతున్నాను.

“ఆగండి,” అని సీసా తీసి బండి సీటు మీద పెట్టాను. “నూనె కలపలేదు. ఆవిడ అడిగింది. నేను ఉపన్యాసంలో ఉండి ఆగమన్నాను, ఆపై మరిచిపోయాను. తప్పు నాది.”

పిస్టన్ సీసా తీసి సీలు చూసి, “ఇదేంటండి మాస్టారూ, మీరే మాకు…” అని ఆపై నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నీళ్ల గొట్టం పట్టుకున్న ఆవిడకి కూడా.

రాజుగారు మాత్రం నవ్వలేదు. “అయితే నిమ్మకాయ పెట్టకపోవడం వల్ల కాదంటారు?”

“కాదండి. నా బుర్రతక్కువతనం వల్ల. కానీ మాట ఇచ్చాను. బండి ఆగింది. కాయ కొట్టమంటే కొడతాను.”

ఆయన చాకు తీసి నిమ్మకాయను రెండు ముక్కలు చేసి, నా నీళ్ల సీసాలో పిండి ఇచ్చారు. “తాగండి. ఎండలో మొహం మాడిపోయింది. తప్పు ఒప్పుకున్నవాడి చేత కాయ కొట్టించేదేంటండి?”

గంటసేపటికి ఇంజను చల్లారింది. పిస్టన్ ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో నాలుగు చుక్కల నూనె పోసి, చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఓపికగా కదిపితే లోపల పట్టు వదిలింది. అక్కడి నుంచి నిదానంగా నడిచే బండి నాదే కాబట్టి అందరికంటే ముందు నేను, వెనక పదకొండు మంది. బుడుబుడుమంటూ అన్నవరం చేరాం. వాళ్లు కొండెక్కితే నేను కింద హెల్మెట్లకు కాపలా కూర్చున్నాను. ప్రసాదం తెచ్చిపెడితే తిన్నాను. (ఆ ప్రసాదం విషయంలో నాకే సిద్ధాంతమూ లేదు.)

ఆ తరువాతి ఆదివారం బయలుదేరే ముందు రాజుగారు గట్టిగా “నూనె?” అని అరిచారు. పన్నెండు మందీ మూతలు తీసి చూసుకుని, ఒక్కొక్కరే “ఉందండీ” అన్నారు. నిమ్మకాయలు ఆ తరువాత. ఇప్పుడు క్లబ్బులో నలభై బండ్లున్నాయి, రాజుగారి మీసం తెల్లబడింది, ఆ కేక మాత్రం మారలేదు. నా ఉపన్యాసాలు విని నిమ్మకాయ మానేసినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. నలభై మంది చేత కారణాన్ని ముందు, కాయను వెనక పెట్టించగలిగాను. సంస్కర్తగా నా ఖాతాలో ఉన్నది అదొక్కటే. అది చాలా పెద్దదని నా అభిప్రాయం.

మొన్న రావులపాలెం బంకులోనే ఆగాం. కొత్తగా చేరినాయనకి నిమ్మకాయ ఎందుకు పనికిరాదో చెబుతున్నాను. మంచి పట్టులో ఉన్నాను. పెట్రోలు పోస్తున్న అమ్మాయి, “ఆయిలు కలపమంటారా అండీ?” అంది. మాట మధ్యలో ఆపేశాను. “కలుపమ్మా, ముందది చూడు,” అని పక్కన నిలబడి చివరి చుక్క దాకా చూశాను. కొత్తాయన, “మాస్టారూ, ఏదో చెబుతున్నారు,” అన్నాడు. ఏం చెబుతున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రోజు ఇక్కడే నిలబడి, నూనె సంగతి మరిచి ఆ వాక్యాన్ని పూర్తి చేసిన కుర్ర మాస్టారికయితే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేది.