కింద కూర్చోవద్దని రాసిచ్చాను

పోయిన నెల స్నానాల గదిలో జారిపడి కుడి భుజం పట్టేయడంతో, ముప్పై ఏళ్లకు పైగా ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా ఊరివాళ్ల కాళ్లూ చేతులూ వంచి సరిచేసిన నేను, నా జుట్టు నేను దువ్వుకోలేక సుబేదారిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్లవలసి వచ్చింది. నేను వెళ్లగానే అక్కడి అమ్మాయి భుజం పట్టుకొని చూస్తుందనుకున్నాను. చూడలేదు. ఒక పొడుగాటి కాగితం ముందేసుకొని, పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తాను, ఏది చేయలేకపోతున్నాను, వంటింట్లో డబ్బాలు ఎంత ఎత్తులో ఉంటాయి, మళ్లీ ఏ పని చేసుకోగలిగితే నాకు బాగైనట్టు అని తీరిగ్గా అడుగుతూ పోయింది. జబ్బును ఒంట్లోనే కాదు, మనిషి చేసుకునే పనుల్లో, నలుగురితో కలవడంలో, ఉంటున్న ఇంట్లో కూడా చూడాలన్నది ఇప్పటి పద్ధతి. చివరికి, “రోజు మొత్తంల ఎవరెవరితోని మాట్లాడ్తరు మేడం?” అన్నది. “పాలాయనతో” అన్నాను. ఇంకా ఎవరి పేరైనా చెబుతానేమోనని పెన్ను పట్టుకొని చాలాసేపు చూసింది, పాపం. అక్క పోయి రెండేళ్లయింది. పెళ్లిళ్లు చేసుకోని మేమిద్దరం ఒకరికొకరమే ఉండేవాళ్లం గనక, నేను చెప్పడానికి ఇంకో పేరు లేదు.

నాతోపాటు ఈ పనిలోనే తల నెరిసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన కాలంలో ఇన్ని ప్రశ్నలు లేవు. కీలు ఎంత వంగుతుందో కొలిచే రెండు రెక్కల స్కేలు ఒకటి ఉండేది. దాన్ని మోకాలి పక్కన పెట్టడం, డిగ్రీలు చదవడం, కార్డు మీద రాయడం, అంతటితో మనిషి సంగతి తేలిపోయేది. నా కొలత ఒక్క డిగ్రీ కూడా తప్పదని నాకు మహా గర్వం. పెద్ద డాక్టరు నా అంకెను మళ్లీ సరిచూసేవారు కారు. ఆ గర్వంతో నేను కొంచెం కసురుకునే మనిషిని కూడా అయ్యానని అక్క అనేది.

అప్పట్లో ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే ఒకామె మోకాలి చిప్ప పగిలి మా దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో. కొడుకు అదే మార్కెట్లో హమాలీ, కోడలు కూడా మిర్చి పనికే పోయేది, ఇంట్లో తిండికి లోటు లేదు. మూడు నెలలు వచ్చిందామె, వచ్చిన ప్రతిరోజూ తన వరస గురించే చెప్పేది. గోనెపట్టాలు పరుచుకొని ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కింద కూర్చుంటారట, ఘాటుకు తుమ్ముతూనే ఒకరి సంసారం ఒకరు తవ్విపోసుకుంటారట, పన్నెండు కాగానే సద్దులు విప్పి కూరలు మార్చుకుంటారట. తన చోటు చివరి నుంచి మూడోదట, ఎవరినీ కూర్చోనివ్వొద్దని కోడలికి చెప్పి పంపిందట. నేను, “ముచ్చట్లు ఆపి కాలు వంచు” అనేదాన్ని.

ఆఖరి రోజు కొలిస్తే నూట పది డిగ్రీలు వచ్చింది. నడకకు, మెట్లకు బ్రహ్మాండంగా సరిపోతుంది. “ఇగ మార్కెట్‌కు పోవచ్చునా డాక్టరమ్మా?” అని ఎంతో ఆశగా అడిగింది. మన తరంలో మోకాలికి దెబ్బ తగిలిన ప్రతివారికీ చెప్పే మాట ఒకటుంది కదా, ఆమె పని ఎట్లాంటిదో మూడు నెలలుగా వింటూ కూడా నేను ఆలోచించకుండా ఆ మాటే చెప్పాను. కింద కూర్చోవద్దు, కుర్చీలోనే కూర్చోవాలి అని కార్డు మీద రాసి, రెండుసార్లు చదివి వినిపించి, పూర్తిగా నయమైందని దస్త్రం మూసేశాను.

మరుసటి వేసవిలో, ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించే అక్క వెంట మిర్చి కొనడానికి వెళితే, తొడిమలు తీసే వరసలోంచి ఆ కోడలు నన్ను గుర్తుపట్టి, “మా అత్త వస్తలేదమ్మా, మీరు కింద కూసోవద్దన్నరు గద” అన్నది. ఇల్లు మార్కెట్ వెనక వీధిలోనే. వెళ్లి చూద్దామని అక్క పట్టుబట్టింది. అందరూ పనులకు పోయిన ఆ వీధిలో గడప ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఇట్టే లేచి, లోపలికి చకచకా నడిచి చాయ్ పెట్టుకొచ్చింది. “నువ్వు చెప్పినంక ఒక్కనాడు గూడ కింద కూసోలే బిడ్డా. మావోళ్లు చిన్న పీట ఏస్తం రమ్మన్నరు, డాక్టరమ్మ మాట తప్పనని పోలే” అని కార్డు తెచ్చి చూపించింది. నూనె మరక కూడా పడకుండా దాచుకుంది. పీట మీద కూర్చోవచ్చునా అని ఆమె నన్ను అడగలేదు, అడుగుదామనుకొని ఆగిందని ఇప్పుడనిపిస్తుంది. నేను మాత్రం చెప్పినట్టు వినే రోగి దొరికిందని మురిసిపోయి, మంచిపని చేశావని మెచ్చుకున్నాను.

ఆటోలో అక్క, “పొద్దందాక ఎవలతోని మాట్లాడుతదే ఆమె?” అన్నది. “నేను చూడాల్సింది మోకాలు” అని కసిరాను.

మళ్లీ వెళ్లి, జానెడెత్తు పీట వేసుకొని నిశ్చింతగా కూర్చోమ్మా అని చెప్పి రావడానికి నాకు ఒక పూట పట్టేది. తప్పు ఒప్పుకోవలసి వస్తుందని వెళ్లలేదు. తరువాత ఎప్పుడో ఆ కుటుంబం రఘునాథపల్లి వైపు వెళ్లిపోయిందని విన్నాను, ఇంతకాలానికి ఆమె ఉన్నదో లేదో తెలియదు. ఇప్పటి పిల్లలు ఏదైనా వద్దనే ముందు, అది మానేస్తే ఈ మనిషికి ఇంకేం మిగులుతుందని అడుగుతున్నారు. చూస్తే సంతోషంగానూ ఉంటుంది, మమ్మల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగనివ్వలేదా, మేమే అడగలేదా అని బాధగానూ ఉంటుంది. పాలాయన వచ్చిపోయాక సాయంత్రం దాకా నోరు విప్పే పని లేకుండా కూర్చున్న రోజున, ఆనాడు ఆ కార్డు మీద ఆమెకు నేను రాసిచ్చింది ఇదేనని తెలుస్తోంది.