మూడో తీగ మీద ఒకటో నంబరు

ఆ బిళ్ళల తీగలు మూడూ తొమ్మిది రోజులపాటు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. రోజూ పెన్ను కోసం ఆ సొరుగు తెరిచేవాణ్ని. రోజూ వాటిని పక్కకు నెట్టి పెన్ను తీసుకునేవాణ్ని. ఇవాళ ఇది రాస్తున్నా, ఆ తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగుతోంది.

నేను కువైట్ వెళ్ళింది డెబ్బై తొమ్మిదిలో. నా చదువు ఐదో తరగతి. అయినా దజీజ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ గోదాములో నాకు బల్ల, కుర్చీ, నాలుగు రిజిస్టర్లు ఇచ్చారంటే అది కొబ్బరికాయల చలవ. కోనసీమలో చెట్ల మీంచి కాయల దింపు అయ్యాక ఆ రాశి లెక్కపెట్టడం నా పనిగా ఉండేది. ఒక్కో చేత్తో రెండేసి కాయలు పట్టి అవతలికి విసురుతూ పోవాలి. నూరు నిండిన ప్రతిసారీ చివరి కాయను రాశిలో కలపకుండా పక్కన పెట్టాలి. ఆఖరున ఆ పక్కన పెట్టినవి ఎన్నో చూసుకుంటే అన్ని నూర్లు. దాన్ని మేం గుర్తుకాయ అనేవాళ్ళం. కొత్తగా లెక్కలోకి దిగినవాళ్ళు అందరూ ఒకే తప్పు చేస్తారు. గుర్తుకాయ గుర్తు మాత్రమే అనుకుంటారు. అది కూడా కాయేనని మర్చిపోతారు.

మా కంపెనీకి అహ్మదీ అవతల ఎడారిలో చమురు గొట్టాలు వేసే పని ఉండేది. గొట్టం ముందుకు సాగేకొద్దీ మనుషులు ముందుకు జరగాలి. అందుకని ఏడెనిమిది కిలోమీటర్లకొక కాంపు. కొత్త కాంపు లేచిందంటే పాత కాంపు ఖలాస్. నేను వెళ్ళిన కొత్తలో చమురు పేరు చెబితే చాలు, ఎక్కడెక్కడి మనుషులో వచ్చి దిగేవారు. ఆరు నెలల్లో రేకు కేబిన్లతో ఎడారిలో ఒక ఊరు లేచేది. మెస్సు, మంగలి కుర్చీ, నమాజు గది, సినిమా బొమ్మలు అంటించిన గోడలు అన్నీ ఉండేవి. మరో ఆరు నెలలకు అక్కడ సిమెంటు దిమ్మలూ తెగిన చెప్పులూ మిగిలేవి.

కాంపులకు నీళ్ళ టాంకర్లు పంపడం నా పని. శనివారం పొద్దున ఏ కాంపులో ఎంతమంది ఉన్నారో చీటీ మీద రాసిస్తాను. ఆ అంకెను బట్టి టాంకర్లు వెళతాయి. మనుషుల లెక్క తప్పకుండా ఒక్కొక్కరికి ఒక రేకు బిళ్ళ ఇచ్చాం. బిళ్ళ మీద నంబరు కొట్టి ఉంటుంది. అది చూపిస్తే మెస్సులో భోజనం. కాంపు వదిలి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కావలివాడికి ఇచ్చెయ్యాలి.

మూడో కాంపు కావలి రాయచోటి మనిషి, తెలుగు ముస్లిం, నాకన్నా పదేళ్ళు పెద్ద. బిళ్ళలు తీగకు గుచ్చడం నేర్పింది నేనే. నూరు బిళ్ళలకొక తీగ. నూరోదాన్ని ఎర్రదారంతో విడిగా పైన కట్టాలి. మా కొబ్బరికాయల లెక్కే. ఒకసారి మనుషులు మారేటప్పుడు నేనూ కాంపుకు వెళితే, అతను తెచ్చిన లెక్కలో ఒకటి తక్కువ వచ్చింది. రెండు బస్సుల జనాన్ని గంటసేపు ఎండలో నిలబెట్టాను. చివరికి ఆ బిళ్ళ ఎర్రదారంతో గేటు మేకుకు వేలాడుతూ కనిపించింది. గుర్తు కోసం పక్కన కట్టాడు, లెక్కలో కలపలేదు.

"ఒకటి తగ్గితే నా దగ్గరికి లెక్కే తేవద్దు," అన్నాను, అందరూ వింటుండగా.

"సరే సార్," అన్నాడు.

ఎనభై మూడు జూన్‌లో ఒక గురువారం మూడో కాంపు మూతపడింది. అతనితో కలిపి కాంపులో మూడు వందల మంది. చివరి బస్సు డ్రైవరు రాజోలు వైపు మనిషి. తిరిగొచ్చి మూడు తీగలు నా బల్ల మీద పడేశాడు. మూడు ఎర్రదారాలు, మూడు నూర్లు. ప్రతి తీగా వేళ్ళతో లెక్కపెట్టాను. సరిపోయింది. శనివారం చీటీలో మూడో కాంపు పక్కన సున్నా చుట్టాను. గుండ్రంగా, ఒక్క గీతలో చుట్టడం నాకు అలవాటు.

తరవాతి శనివారం కొత్త కాంపుకు బిళ్ళలు కావాలన్నారు. తీగలు విప్పి నంబర్ల వరసలో పేరుస్తున్నాను. మూడో తీగ ఎర్రదారం విప్పితే చేతిలోకి వచ్చిన బిళ్ళ మీద ఒకటి అని ఉంది. ఏ కాంపులోనైనా ఒకటో నంబరు ముందుగా అక్కడ అడుగుపెట్టినవాడిది. అంటే కావలివాడిది.

మొదట ఏమీ అనిపించలేదు. వెళ్ళిపోయినవాడు బిళ్ళ ఇచ్చి ఉంటాడు, అంతే కదా. కానీ బిళ్ళలు తీసుకునేవాడు తన బిళ్ళ ఎవరికిస్తాడు? గుచ్చిన చేతులు అతనివే. బయట పికప్ తుడుచుకుంటున్న రాజోలు డ్రైవర్ని కేకేశాను.

"ఆ వేళ ఆఖరి బస్సులో కావలాయన ఎక్కాడా?"

"ఆయనెందుకు ఎక్కుతాడండీ? నా ఎనకాల గేటెయ్యాలిగా. గేటేసి చెయ్యూపేడు."

"మరి ఎలా వస్తాడు?"

"కేబిన్లు పట్టుకెళ్ళే లారీ వచ్చేదాకా రెండ్రోజులు ఉండమన్నాడంట ఫోర్‌మన్ను. ఆ ఫోర్‌మన్నూ మర్నాడే ఇమానం ఎక్కేడండి." గుడ్డ పిండుతూ నా మొహం చూశాడు. "ఏటండీ మాస్టారూ, ఏమైంది?"

లారీ ఇంకా వెళ్ళలేదు. ఆ సంగతి నాకు తెలుసు. వచ్చేవారం వెళ్ళాలని నా రిజిస్టర్లోనే ఉంది.

పికప్‌లో నీళ్ళ డబ్బాలు వేసుకుని బయల్దేరాం. డ్రైవరుకు ఊరుకోవడం చేతకాదు.

"కంగారు పడకండి. కాంపు నిండా నీళ్ళుంటాయి కదండీ. కేబిన్ కేబిన్‌కీ పైన ట్యాంకు."

"ట్యాంకులన్నీ ఖాళీ చేసి పెట్టమని రాసిచ్చాను. లారీ మీదికి ఎక్కించడానికి బరువు ఉండకూడదని."

"అదీ తమరేనా?"

"అదీ నేనే."

"ఆయ్," అన్నాడు. అన్నాక గేరు మార్చాడు.

నేను వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. మనిషికి రోజుకు ఎన్ని నీళ్ళు, కాలే రేకు గదిలో ఎన్ని, గొట్టాల్లో అడుగున ఎన్ని మిగులుతాయి. ఎన్ని రకాలుగా వేసినా నాలుగు రోజులు దాటలేదు. తొమ్మిదిలోంచి నాలుగు తీస్తే మిగిలే అయిదు రోజులను ఏ వరసలో పెట్టాలో నాకు తెలియలేదు. లెక్కంటే భయం వేయడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

మొదటి కాంపు మూతపడి రెండేళ్ళు. రోడ్డు మీంచి చూస్తే ఇసకలోంచి నాలుగు దిమ్మలు పైకి తేలి ఉన్నాయి. ఇక్కడ నాలుగు వందల మందికి నేనే నీళ్ళు పంపాను. వాళ్ళు తాగిన గుర్తు ఎక్కడా లేదు. ఒక తలుపు ఫ్రేము మాత్రం నిలబడి ఉంది, గోడ లేకుండా.

రెండో కాంపు దగ్గర డ్రైవరే బండి ఆపాడు. ఇది ఖాళీ అయి ఏడాది. పట్టుకుపోగా మిగిలిన మూడు కేబిన్లు వంగి ఉన్నాయి. లోపల ఇసక మంచం ఎత్తుకు వచ్చింది. గోడ మీద ఒక కేలండరు, పేజీలన్నీ గాలికి పోయి అట్ట మిగిలింది. కిటికీలో ఎవరిదో టీ గ్లాసు.

"మాస్టారూ, ఇలా రండి."

నీళ్ళ స్టాండు కింద కుళాయి దగ్గర ఇసక తవ్వి ఉంది. మోచేయి లోతు గుంట. తడి కోసం చేత్తో తవ్వినట్టు వేళ్ళ గీతలు ఉన్నాయి. పక్కన రబ్బరు చెప్పుల అడుగులు, వచ్చినవీ తిరిగి వెళ్ళినవీ. గాలికి సగం పూడిపోయాయి కాబట్టి నిన్నటివి కావు. ఎప్పటివో చెప్పడం నాకు చేతకాలేదు.

డ్రైవరు నవ్వుతూ మాట్లాడడం అక్కడితో మానేశాడు.

"ఏడు కిలోమీటర్లు నడిచొచ్చేడు," అన్నాడు. "వచ్చి మళ్ళీ ఎనక్కి ఎందుకు పోయాడండీ? ఇంకాస్త నడిస్తే రోడ్డు తగులును."

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. గేటు వదిలి పోకూడదని కాంపు రూల్సులో మొదటిది. రాసింది నేను కాదు. గోడలకు అంటించింది మాత్రం నేనే.

మూడో కాంపు గేటుకు లోపలివైపు గొలుసు వేసి ఉంది, తాళం లేదు. ఈ కాంపు ఇంకా నిలబడే ఉంది. నలభై కేబిన్లు, నాలుగు వరసలు. తొమ్మిది రోజులకే అది పదేళ్ళ పాతదానిలా కనిపించింది. మెట్ల మీద అప్పుడే ఇసక చేరింది. పిలిచాం. రేకులు ఎండకు చిటపటలాడడం తప్ప ఇంకో చప్పుడు లేదు.

నేను ఒక వైపు నుంచి తలుపులు తెరుస్తూ వెళ్ళాను. ఒకటి, రెండు, మూడు. బయటికే లెక్కపెడుతున్నానని నాకు తెలియదు. ప్రతి తలుపూ తెరిచాక లోపల మనిషి లేకపోతే ఊపిరి వచ్చేది. వెంటనే, లేడని ఊపిరి తీసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని తరవాతి తలుపు తోసేవాణ్ని. ముప్ఫై ఒకటో కేబిన్ మెట్టు ఎక్కబోతుంటే కింద కాళ్ళు కనిపించాయి.

కేబిన్లు దిమ్మల మీద ఎత్తుగా ఉంటాయి. ఆ కింద నీడలో ఇసక తవ్వి, పడుకోవడానికి సరిపోయే గుంట చేసి ఉంది. అందులోంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి. మడమలు తెల్లగా పగిలి ఉన్నాయి. కదలడం లేదు. వంగి చూడాలి. నడుం వంగలేదు. డ్రైవరు పరుగెత్తుకొచ్చి, పాకుతూ లోపలికి పోయి చేయి పట్టుకున్నాడు.

"ఉన్నాడండీ," అన్నాడు. "ఉన్నాడు. నీళ్ళు తెండి."

బయటికి లాగి నీడలో కూర్చోబెట్టాం. మొహం సగమైంది. పెదాల మీద నెత్తురు ఎండి నల్లగా ఉంది. డబ్బా నోటికి పెట్టబోతే డ్రైవరు నా చేయి లాగేశాడు.

"గటగటా తాగనివ్వకండి, చచ్చిపోతాడు. మూతతో పొయ్యండి."

మూతతో పోశాను. ఎన్ని మూతలో లెక్కపెట్టలేదు. చాలాసేపటికి అతను కళ్ళు తెరిచి నన్ను పోల్చుకున్నాడు. గొంతు రేకు గీసినట్టు వచ్చింది.

"టాంకరు రాలేదు సార్."

తలూపాను.

"లెక్క సరిపోయిందా?"

నేను ఇంకో మూత నింపి అతని నోటికి అందించాను. డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు.

పికప్‌లో అతన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. తల నా భుజం మీద వాలింది. మూతలతో పోస్తూనే ఉన్నాను. రెండో కాంపు దాటాక కాస్త మాట వచ్చింది.

"ట్యాంకులన్నీ మీరు చెప్పినట్టే ఇడిసిపెట్టినా సార్. నమాజు గది కాడ డ్రమ్ము ఒక్కటి ఇడవలేదు. నమాజుకు ముందర కడుక్కునే వజూ నీళ్ళు పారబోసేకి చెయ్యి రాలే. దాంతోనే ఉన్న్యా. వజూ ఇసకతో చేసుకున్న్యా."

"రోడ్డు దాకా ఎందుకు పోలేదు బావా?" అన్నాడు డ్రైవరు. ఎప్పుడు వరస కలిపాడో నేను గమనించలేదు.

"ఆ పక్క కాంపులో ఎవురన్నా ఉంటారని పోయినా. ఆడ ఒక్క పురుగు ల్యా. నేను లేనప్పుడు టాంకరు వచ్చి ఎనక్కి పోతే? అందుకని తిరిగొచ్చినా." ఇంకో మూత నీళ్ళు మింగాడు. "ఎందుకు రాలేదు సార్ టాంకరు?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. టాంకరు చెడిపోయిందనవచ్చు. డ్రైవరు కాదనడు. అతని తల నా భుజం మీదే ఉంది.

"నేనే ఆపాను," అన్నాను. "మూడు వందల బిళ్ళలూ వచ్చాయి. అందరూ వెళ్ళిపోయారని సున్నా వేశాను. నీ బిళ్ళ అందులో ఉందని చూడలేదు."

అతను తల ఎత్తాడు. కోపంతో అనుకున్నాను. కాదు, అర్థం చేసుకోవడానికి.

"మూడో తీగకు ఒకటి తగ్గింది సార్. ఒకటి తగ్గితే లెక్కే తేవద్దని మీరే కదా చెప్పింది. అందుకని నాది కట్టి పంపిస్తి."

అతను తల మళ్ళీ నా భుజం మీద పెట్టలేదు. ముందున్న అద్దానికేసి చూస్తూ నిటారుగా కూర్చోవడానికి ప్రయత్నించాడు. బండి కుదిపినప్పుడల్లా డ్రైవరు వైపుకు ఒరిగాడు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. వారానికి లేచి తిరిగాడు. కొత్త బిళ్ళ ఇచ్చి గోదాము గేటు కావలికి వేశారు. అంటే రోజూ నా ముందే. సలాం చెప్పేవాడు, చెబితే పని చేసేవాడు. అంతకుముందు చెప్పే రాయచోటి కబుర్లు మాత్రం నాకు చెప్పలేదు. నేను అడగలేదు. శనివారం చీటీలు అప్పటినుంచి ఒక్కో కాంపుకూ మనిషిని పంపి కనుక్కుని రాశాను. లెక్క ఆలస్యమవుతోందని పైవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను. సున్నా చుట్టాల్సి వస్తే మాత్రం ఎవర్నీ పంపలేదు. నేనే వెళ్ళి ఉన్న తలుపులన్నీ తెరిచి, వంగి కింద కూడా చూసి వచ్చాను.

మరుసటి ఏడు అతను ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఇంటికి బయల్దేరాడు. కొత్త చొక్కా వేసుకుని గోదాములోకి వచ్చి, తన రేకు బిళ్ళను నా బల్ల మీద పెట్టాడు. నేను అలవాటు చొప్పున తల వంచుకునే రిజిస్టరు తీసి, పెన్ను మూత విప్పాను. బిళ్ళ అందుకోబోతే దాని మీంచి అతను చేయి తియ్యలేదు.

"ముందు మనిషిని చూడండి సార్," అన్నాడు. "చూసి రాయండి."

తలెత్తి చూశాను. పెదవి మీద ఆ పగుళ్ళ మచ్చ అలాగే ఉంది. నేను చూసినంతసేపూ అతనూ నన్ను చూశాడు. అప్పుడు బిళ్ళ మీంచి చేయి తీశాడు.