చారలదాని ఆఖరి కాన్పు

మా చారల పిల్లి పశువుల డాక్టరు బొటనవేలు కొరికినప్పుడు కోర ఒక పక్క దిగి రెండో పక్క తేలింది. ఆయన కేక పెట్టలేదు. వేలు దాని నోట్లోంచి మెల్లగా తీసుకుని, రక్తం బల్ల మీద కారుతుండగానే, "టీచరుగారూ, ఇది మళ్లీ నా గుమ్మం తొక్కకూడదండీ" అన్నాడు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని వెదురు బుట్టలో పెట్టి తీసుకెళ్లిన రోజది. అదే బుట్టలో వెనక్కి తెచ్చాను. ఆ ఆపరేషన్ జరిగి ఉంటే నేను ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇంట్లో నాలుగు పిల్లులు. వాటికి పేర్లు పెట్టలేదు. బడిలో ముప్పై ఆరేళ్లు హాజరు పిలిచాక ఇంట్లో కూడా పేర్లు పిలవాలనిపించలేదు. చారలది, నల్లది, తెల్లది, ఒంటికన్నుది. అంతే. ప్రతి నెలా ఒకటో తారీఖున నాలుగింటినీ కాటా మీద తూచి, గోడకున్న చర్చి క్యాలెండరులో బరువు వేస్తాను. వేసేటప్పటికి నా మోచేతుల దాకా గీరలు పడతాయి. అయినా ఏ నెలా మానలేదు.

చారలది అప్పటికి తొమ్మిదో ఏట ఉంది. పందికొక్కుల్ని పట్టడంలో దాన్ని మించింది మా వీధిలో లేదు. తనలో సగం బరువున్న పందికొక్కు మెడ విరిచి, మొండెం తినేసి, తలను మాత్రం తెచ్చి వంటగది గడప మీద పెట్టేది. పళ్లు బయటికి పెట్టి ఆ తల నన్ను చూస్తూ ఉండేది. నేను దాన్ని పారేసేదాకా చారలది పక్కనే కూర్చుని, పారేయగానే లేచి వెళ్లిపోయేది. నేను అందుకున్నానని రూఢి చేసుకోవడమే దానికి కావలసింది.

నల్లది దాని మొదటి కాన్పులో మిగిలిన ఒక్కగానొక్క కూతురు. పాలు మానినప్పటి నుంచీ తల్లికీ దానికీ పడదు. రెండింటి గిన్నెలూ వరండాకు చెరో కొసన ఉండాల్సిందే. ఒకరోజు చుట్టాల హడావుడిలో ఎవరో రెండింటికీ ఒకే గిన్నెలో చేప పెట్టారు. నల్లది తల్లి చెవి చీల్చింది. తల్లి దాని ముక్కు మీద మూడు గాట్లు పెట్టింది. చేప కాకి ఎత్తుకుపోయింది. ఈ నల్లదాన్ని ఒళ్లోకి తీసుకుంటే ఉండదు, మంచం ఎక్కదు. కానీ నేను ప్రార్థనకు మోకరిస్తే మాత్రం వచ్చి నా మడమల మీద కూర్చునేది. ఆమేన్ అనగానే ఒక మడమ కొరికి పోయేది. దాని ప్రేమ అంతే, నాకు సరిపోయింది.

తెల్లదానికి పుట్టు చెవుడు. స్థలంలో ఆపిన ట్రాక్టరు కింద నిద్రపోతుంది. వెనక నుంచి ముట్టుకుంటే ఎవరని చూడదు, ముందు కొడుతుంది. ఇక ఒంటికన్నుది మగది, నల్లదానితోపాటే ఆపరేషన్ అయినది. దాని రెండో కన్ను ఒక గండుపిల్లి తీసింది. అప్పటి నుంచీ అది ఎక్కువగా రేకుల కప్పు మీదే ఉంటుంది. దాన్ని పిరికిదని అందరూ అంటారు, నేను అనను. కన్ను ఇచ్చి నేర్చుకున్న పాఠం అది.

ఆ గండుపిల్లి ఎవరిదీ కాదు. బూడిద రంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ, రెండు బుగ్గలూ ఉబ్బి తల కొబ్బరికాయంత. చారలది పిల్లల్ని పెట్టినప్పుడల్లా వచ్చేది. పిల్లలు చస్తే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది, అందుకని మగవి చంపుతాయి అని డాక్టరు చెప్పాడు. ఆకలి కోసం కాదు. తినేది కూడా కాదు. మెడ పట్టి విదిలించి పడేసి, తర్వాతిదాన్ని పట్టుకునేది. వరసగా మూడు కాన్పుల్లో పదకొండు పిల్లల్ని అలా చంపింది. పదకొండింటినీ కరివేపచెట్టు కింద నేనే పూడ్చాను.

ఆ మూడూ అయ్యాక మళ్లీ చారలది బరువు పెరగడం కాటా మీద చూడగానే డాక్టరుకు ఫోను చేశాను. "ఈ వయసులో ఇదే ఆఖరు కావచ్చండీ. ఆపరేషన్ అయితే ఇప్పుడు తట్టుకోలేదు" అన్నాడు. ఈసారి ఒక్కటైనా బతకాలి. నేను అడిగింది అంతే.

అది మిరపకాయల కాలం. ఇంటి పక్కన నా ఖాళీ స్థలాన్ని ఒక కౌలు రైతు ఏటా కళ్లంగా వాడుకుంటాడు. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు, వాడి నోరు అప్పటిదే. కాయ కళ్లంలో ఎండుతుంది. అమ్మని పత్తి నా ముందుగదిలో నడుమెత్తున పోసి ఉంటుంది. గండుపిల్లి సంగతి వాడికి మొదటి నుంచీ తెలుసు.

"ఒక్కసారి దొరకనీండి టీచరుగారూ. కాళ్లు పట్టుకుని ఆ బండకేసి కొడతా, రెండో దెబ్బ అక్కర్లేదు." బండ అంటే బట్టలుతికేది, మార్టూరు నుంచి తెప్పించిన గ్రానైటు పలక.

"నువ్వు కొట్టినప్పుడు చూద్దాంలేరా."

"పోనీ పురుగుమందు గుళికలు చేపలో పెట్టనా?"

"నావి నాలుగూ తింటాయి. ఆ మాట మళ్లీ ఎత్తకు."

చారలది ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల మొదటి వారంలో మూడు పిల్లల్ని పెట్టింది. రెండు చారలవి, ఒకటి బూడిదది. సామాన్ల గదిలో కిటికీ లేదు, తలుపుకు గడియ ఉంది కాబట్టి అక్కడే అట్టపెట్టెలో ఉంచాం. కింద వేయడానికి రైతు ఒక గోనెసంచి తెచ్చాడు. మిరపకాయల టిక్కీ. రెండుసార్లు ఉతికి ఎండబెట్టానన్నాడు. నేను మొహానికి ఆనించుకుని వాసన చూశాను. తాలుకాయలు ఏరే ముఠా మేస్త్రమ్మ వస్తే ఆమెకూ ఇచ్చాను.

"ఘాటేమన్నా ఉందా చూడు."

"ఏం ఘాటు టీచరమ్మా, సబ్బు వాసనొస్తంటే!"

రైతు కూడా మూతి పెట్టి పీల్చాడు. "మల్లెపూలే" అన్నాడు.

మాకేం తెలుస్తుంది? ఊరు ఊరంతా జనవరి నుంచి ఆ గాలే పీలుస్తుంది. బయటి చుట్టాలు బస్సు దిగగానే దగ్గుతారు, మేం ఆ దగ్గు చూసి నవ్వుతాం. మూడు ముక్కులూ కలిసి బాగుందన్న ఆ సంచి మీద పిల్లల్ని పెట్టాం. చారలది లోపలికొచ్చి ఒక్క పీల్పు పీల్చి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. సంచిని పంజాతో రెండు చరుపులు చరిచింది. నేను పాలు తేవడానికి తలుపు తీసినంతలో ఒక పిల్లను మెడ పట్టుకుని నా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. మిగిలిన రెండింటికోసం మళ్లీ వచ్చినప్పుడు ఆపబోతే నా ముంజేయి చీల్చింది. మూడింటినీ ముందుగదిలో పత్తి మీదకు చేర్చింది. మెత్తన, వెచ్చన, ఏ వాసనా లేదు. తల్లిగా దాని ఎంపికలో తప్పు లేదు. కానీ ఆ గది కిటికీకి ఒక అద్దం పగిలి ఉంది.

రైతు ఆ ఖాళీకి అట్టముక్క కొట్టి, "రేపు సాయంత్రం చెక్క తెచ్చి బిగిస్తా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ముఠా ఆడవాళ్లు రేకుల కింద అన్నాలు తింటున్నారు. ముందుగదిలో చారలది అరిచింది. దాన్ని తొమ్మిదేళ్లుగా ఎరుగుదును, ఆ అరుపు ఎప్పుడూ వినలేదు. నేను కర్ర అందుకునేలోపే గండుపిల్లి అట్ట చించుకుని కిటికీలోంచి దూకింది. నోట్లో చారల పిల్లకూన వేలాడుతోంది. గండుపిల్లి వెనక తొడకు పళ్లు దింపి చారలది కూడా వేలాడుతూ వచ్చింది. గది గుమ్మంలోంచి చూస్తే పత్తి మీద జానెడు ఎర్రటి మరక, మరక పక్కన ఇంకో చారలపిల్ల, తల వెనక్కి తిరిగిపోయి.

గండుపిల్లి నోట్లోది వదిలేసి తిరిగింది. చారలదాన్ని వెల్లకిలా పడేసి వెనక కాళ్లతో పొట్ట చీరడం మొదలుపెట్టింది. బొచ్చు గుత్తులు గుత్తులుగా లేచింది. ఒంటికన్నుది కప్పు మీద నుంచి చూస్తోంది. తెల్లది ట్రాక్టరు కింద నిద్రపోతోంది.

అప్పుడు గోడ మీద నుంచి నల్లది దూకింది. తల్లితో ఒక్క పూట కలిసి తినని నల్లది. నేరుగా గండుపిల్లి మొహం మీద పడింది. రెండూ ముద్దయి కళ్లంలోకి దొర్లాయి, ఎండుకాయల కుప్ప మీదికి ఎక్కాయి. కాయలు వాటి కింద పటపట పగిలాయి. గింజలు ఎగిరాయి, ఎర్రటి దుమ్ము లేచింది. గాటు పడిన ప్రతిచోటా కారం దిగింది. ఆ తర్వాత వచ్చిన అరుపులు పిల్లులవి అనిపించలేదు. ఆడవాళ్లు కొంగులు ముక్కులకడ్డం పెట్టుకుని లేచారు. నేను కుప్ప మీదకెక్కి కర్రతో కొట్టాను. కొట్టినంతసేపూ దుమ్మే కనబడింది. ఏ దెబ్బ దేనికి తగిలిందో చెప్పలేను.

నల్లదే ముందు విడివడింది. గొంతు కింద తోలు తెరుచుకుని ఉంది, కళ్లు మూసుకుపోయాయి. నేను బకెట్టు నీళ్లు ఎత్తేసరికి మేస్త్రమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు పొయ్యమాక టీచరమ్మా! మంట ఇంకా ఎక్కుద్ది. నూనె! ఏమే, నా కొబ్బరినూనె సీసా ఇటు తేండే!"

కాయలు ఏరే ఆడవాళ్లు చేతుల మంటకు రాసుకునే నూనె అది. సీసా అంతా దాని కళ్ల మీద, మొహం మీద పోసింది. గొంతుకు చేసేదేమీ లేదు. నల్లది మొదటిసారి నా ఒళ్లో ఉంది. కాసేపు కాళ్లు తన్నుకుంది. చివరికి నా చేతి మడత కొరికి, కొరికిన పట్టు వదలకుండానే చచ్చిపోయింది. దవడ నేనే విప్పుకున్నాను.

గండుపిల్లి చావలేదు. రెండు కళ్లూ కారంతో మూసుకుపోయి కళ్లం మధ్య గుండ్రంగా తిరుగుతోంది. పొట్ట కింద ఏదో ఎర్రగా ఈడుస్తోంది. రైతు టిక్కీ పట్టుకుని మీద పడి, సంచిలోకి తోసి మూతి మెలిపెట్టాడు. సంచి ఎగిరెగిరి పడుతోంది. వాడు దాన్ని బండ దగ్గరకు తీసుకెళ్లి, భుజం దాకా ఎత్తి, ఆగిపోయాడు.

"ఏరా, ఏమైంది?"

"టీచరుగారూ, పిల్లిని చంపితే మహా పాపమండీ. బంగారప్పిల్లిని చేయించి దానమివ్వాలంటారు మావాళ్లు."

"ఇన్నాళ్లూ బండకేసి కొడతానన్నది ఎవరు?"

"అన్నాను. చేతికొచ్చాక రావట్లా." వాడు సంచి నా వైపు చాపాడు. "మీకైతే లేదుగదండీ ఈ పట్టింపు. ఒక్క దెబ్బ. నేను అటు తిరుగుతా."

"మాకు పాపం లేదని నీకెవరు చెప్పారురా?"

"పోనీ నువ్వు కొట్టు" అని మేస్త్రమ్మ వైపు తిరిగాడు.

"ఓయబ్బో! కాయలేరే కూలికి పిల్లుల్ని కూడా చంపాలా? నీ పిల్లి, నీ సంచి, నీ పాపం. నన్ను లాగమాక."

"నా పిల్లంటావేందే? అది ఎవరి పిల్లీ కాదు!"

"అయితే ఎవరి పాపమూ కాదు. ఏసెయ్యి మరి!"

ఎండలో నిలబడి ముగ్గురం ఇలా వాదించుకున్నాం. నాకు అది చావాలనే ఉంది. పదకొండు, ఇప్పుడు ఇంకో రెండు, నల్లది. చెయ్యి చాపి సంచి అందుకున్నాను కూడా. అప్పటికి అది కదలడం మానేసింది. మూతి విప్పి చూశాం. కారం దుమ్ములో ఊపిరాడక, నాలుక బయటికొచ్చి, చచ్చి ఉంది.

రైతు ఊపిరి వదిలాడు. "నేను చంపలా. మీరంతా చూశారు" అన్నాడు. సంచితో సహా పూడ్చాం. నల్లదాన్ని మాత్రం వేరుగా, కరివేపచెట్టు కింద.

చారలది బతికింది. పొట్ట గాట్లు మానడానికి రెండు నెలలు పట్టింది. కూతురి శవాన్ని వాసన చూసి, తుమ్మి, వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వరండా అవతలి కొసకు వెళ్లి నల్లదాని గిన్నెలో మిగిలినది తినేసింది.

పత్తి లోపలికి కూరుకుపోయిన బూడిదపిల్ల ఒక్కటే మిగిలింది. నేనడిగిన ఒక్కటి. అది మగది. వేలితో పాలు నాకించాను, ప్రతి నెలా తూచాను. చారలది దానికి పందికొక్కు తల బదులు మొండెం తెచ్చి పెట్టేది. ఆరో నెలలో నుదుటి మీద తెల్లమచ్చ స్పష్టంగా కనబడింది. పదో నెలలో బుగ్గలు ఉబ్బడం మొదలైంది. డాక్టరుకు ఫోను చేశాను. "వేలు కొరికినదాని కొడుకా?" అని నవ్వాడు. "ఈ వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటా, అయ్యాక తీసుకురండి. వచ్చే సోమవారం చేద్దాం."

సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. మళ్లీ మిరపకాయల కాలం, కళ్లంలో కాయ పోసి ఉంది. ఒకటో తారీఖు కావడంతో కాటా తీసి వరండాలో పెట్టాను. బూడిదది పక్కింటి గోడ దూకి వచ్చింది. పిలవకుండానే కాటా ఎక్కి కూర్చుంది. నాలుగు కిలోల వంద. మూతి చుట్టూ రక్తం, మీసానికి అంటుకున్న సన్నటి తెల్ల బొచ్చు. నిదానంగా నాక్కుంటోంది.

గోడ అవతల పక్కింటావిడ ఏడుస్తూ అరిచింది. "కళ్లు కూడా తెరవలేదు, నాలుగింటినీ చంపింది! ఎవరిదే ఈ గండుపిల్లి? ఎవరైనా ఒక సంచి ఇయ్యండయ్యా!"

రైతు చేతిలో ఖాళీ టిక్కీతో కళ్లంలో నిలబడి ఉన్నాడు. సంచి చూసుకున్నాడు, నా వైపు చూశాడు.

"మాదే" అన్నాను గోడ మీదుగా. "సంచి వద్దు. బుట్ట ఉంది."

వెదురు బుట్ట అటక మీద నుంచి వాడే దించాడు. బూడిదదాన్ని అందులో పెట్టబోతే నా బొటనవేలు కొరికింది. కోర ఒక పక్క దిగి రెండో పక్క తేలింది. నేను వేలు తీసుకుని, మూత వేసి, తాడు బిగించి, సెలవులో ఉన్న డాక్టరు ఇంటికి ఆటో పిలవమన్నాను.