నలభై మూడు స్నానాల గదులు

ఆ పేటలో అందరూ అతన్ని పొదుపు మేస్త్రీ అనేవారు. మొదట్లో అది ఎగతాళికి పెట్టిన పేరే. ఎవరింటికి కుళాయి బాగుచేయడానికి వెళ్లినా పని ముగించి చేతులు తుడుచుకుంటూ, "మీ గీజరు ఎక్కడుందో ఒక్కసారి చూస్తానండీ" అనేవాడు. అది గ్యాసుతో నడిచేదైతే ఇక పట్టిన పట్టు వదిలేవాడు కాదు. డాబా మీద ఎండంతా ఊరికే పోతోంది కదా, సోలారు పెట్టుకోండి, ఖర్చు మిగులుతుంది అనేవాడు. డాబా లేదంటే తక్కువ కరెంటుతో నీళ్లు కాచే హీట్ పంపు సంగతి ఎత్తుకునేవాడు. "ఈయన కలలో కూడా కరెంటు మీటరే కనిపిస్తుంది కాబోలు" అని కిరాణా కొట్టాయన నవ్వితే మేస్త్రీ కూడా నవ్వేవాడు.

నిజానికి పొదుపు మీద అతనికి అంత ప్రేమేమీ లేదు. ఆ సంగతి పేటలో ఎవరికీ తెలియదు. భార్యాభర్తలిద్దరూ ఊరి అవతలి కొస నుంచి ఇక్కడికి మారి అయిదేళ్లే అయింది. అంతకుముందు వాళ్లు ముగ్గురు.

కూతురికి పందొమ్మిదేళ్లు. కళ్లజోళ్ల దుకాణంలో కొత్తగా పనికి చేరింది. పనికి చేరిన వారంలోనే కంటి పరీక్ష చేసే అక్షరాల అట్ట ఇంటికి తెచ్చి గోడకు తగిలించి, మర్నాడు తండ్రిని ఎదురుగా నిలబెట్టి చదవమంది. చివరి వరస అతనికి ఆనలేదు. ముందురోజు దగ్గరికెళ్లి చూసి బట్టీపట్టిన నాలుగు అక్షరాలు గడగడా అప్పజెప్పాడు. "నాన్నా, అది నిన్నటి అట్ట. ఇవాళ వేరేది పెట్టాను" అని ఆ పిల్ల నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

ఆ రోజుల్లో ఊళ్లో అందరికీ గ్యాసు గీజర్ల మోజు. కుళాయి తిప్పగానే వేడినీళ్లు, కరెంటుతో పనిలేదు. గోడకు నాలుగు బిగింపులు, రెండు గొట్టాలు, గంటన్నర పని. దాన్ని బయట పెట్టాలనీ, గదిలో పెడితే గాలి ఆడాలనీ పెట్టెలో వచ్చే కాగితంలో రాసి ఉండేది. ఆ కాగితం చదివేదెవరు? చోటు లేక అందరూ స్నానాల గదిలోనే పెట్టించుకునేవారు. మేస్త్రీ కూడా అడిగినవాళ్లకు అడిగినచోట బిగించేశాడు. పొద్దున్నే దుకాణానికి వెళ్లే పిల్లకు చన్నీళ్లెందుకని తన ఇంట్లోనూ ఒకటి బిగించాడు.

ఒక వానాకాలం వారం రోజులు ముసురు పట్టింది. పిల్లకు జలుబు చేసింది. స్నానాల గదిలో పైన ఉన్న వెంటిలేటరు నుంచి ఈదురుగాలి సూదిలా దిగుతోంది. మేస్త్రీ స్టూలెక్కి, కుళాయి వచ్చిన పెట్టె అట్టను చింపి, ఆ కంతకు సరిగ్గా సరిపోయేలా మడిచి దూర్చేశాడు. ముసురు వదలగానే తీసేద్దామనుకున్నాడు.

మూడో రోజు సెలవు. పిల్ల తలస్నానానికి వెళ్లింది. తల్లి ముందుగదిలో మిషను మీద బడి పిల్లల చొక్కాలు కుడుతోంది. మేస్త్రీ గుమ్మంలో కూర్చుని ఎవరిదో మోటారు విప్పి శుభ్రం చేస్తున్నాడు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పొడవాటి జుట్టు, ఆలస్యం మామూలే. మిషను ఆపి దారం మార్చుకుంటూ తల్లి ఒకసారి పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. నీళ్ల చప్పుడులో తేడా లేదు. ఆ చప్పుడు మధ్యలో చెంబు ముంచడం గానీ, బకెట్టు జరపడం గానీ వినిపించడం లేదని అప్పుడు తెలిసింది మేస్త్రీకి. గడియ ఊడేలా భుజంతో తలుపును గుద్దాడు.

ఇరుగుపొరుగువాళ్లు పిల్లను దుప్పటిలో చుట్టి ఆటోలోకి చేర్చారు. తల్లి పక్కన ఎక్కింది. మేస్త్రీ ఒక కాలు ఆటోలో పెట్టి, "తాళం వేసి వస్తా" అని వెనక్కి పరిగెత్తాడు. తాళం కోసం వెళ్లలేదు. స్నానాల గదిలోకి వెళ్లి, వెంటిలేటరు లోంచి అట్టముక్క పీకి, మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో అతనికి ఏనాటికీ అంతుబట్టలేదు. చేతులు వాటంతటవే చేసినట్టు చేశాయి. కానీ దానికి ఒక నిమిషం పట్టింది. కూతురు ఉన్న ఆటో అతని కోసం ఆగిన ఒక నిమిషం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మూసిన గదిలో మంట గాలిని తినేస్తుంది, ఆ తర్వాత విషం వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి కాస్త మత్తుగా అనిపిస్తుందంతే. చివరికి అడిగింది: "ఆ గదికి గాలి వచ్చే దారి లేదా?"

"ఉందండీ. వెంటిలేటరుంది" అన్నాడు మేస్త్రీ. అప్పటికి అది నిజమే.

ఆ తర్వాత కొన్నాళ్లు అతను పనిముట్ల సంచి ముట్టుకోలేదు. ఇల్లు మారారు. కొత్త ఇంట్లో ఏ గీజరూ పెట్టలేదు. పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాచుకుని మోసుకెళ్లి స్నానం చేసేవాళ్లు. భార్య ఒక్క మాట అనలేదు. ఉప్పు అయిపోయింది, దారం తెచ్చిపెట్టండి, బయట బట్టలు తడుస్తున్నాయి. ఇంట్లో వినిపించే మాటలు అంతే. ఆమె తనను క్షమించలేదనీ, అడిగితే ఆ మాట పైకి వస్తుందనీ భయపడి అతనూ నోరు విప్పలేదు.

ఒక మధ్యాహ్నం కూర్చున్నవాడు కూర్చున్నట్టే తాను గీజర్లు బిగించిన గదులన్నీ ఒక్కొక్కటే తలుచుకోవడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పలకల గది, పగిలిన అద్దం గది, తలుపు పూర్తిగా తెరుచుకోని గది. ఇంటివాళ్ల మొహాలు గుర్తులేవు గానీ గదులు గుర్తున్నాయి. నలభై రెండు తేలాయి. తనదీ కలిపితే నలభై మూడు.

మర్నాడే మొదటి ఇంటికి వెళ్లాడు. "ఇది ప్రమాదమండీ, తీయించేయండి" అన్నాడు. ఇంటాయన ఎగాదిగా చూశాడు. "పెట్టింది నువ్వే కదయ్యా. అప్పుడు బంగారంలాంటిదన్నావు, ఇప్పుడు ప్రమాదమంటున్నావు. ఇంకేదో అంటగట్టడానికి వచ్చావా?" రెండో ఇంట్లో తలుపే తీయలేదు. కూతురి మాట చెబితే వినేవారేమో. ఆ మాట అతని నోట రాలేదు.

మూడో ఇంట్లో ఏం చెప్పాలో తోచక, "నెలనెలా సిలిండరు ఖర్చు తప్పుతుందండీ" అన్నాడు. ఆ ఇల్లాలు కుర్చీ వేసి కూర్చోమంది.

అలా అతను పొదుపు మేస్త్రీ అయ్యాడు. సోలారు పని, హీట్ పంపు పని నేర్చుకోవడానికి ఒక దుకాణంలో కూలికి చేరి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడి దగ్గర తలవంచుకుని నేర్చుకున్నాడు. డాబా ఉన్నవాళ్లకు గొట్టాల పలకా, మీద నీళ్ల ట్యాంకూ. మబ్బు రోజులకు లోపల నీళ్లు కాచే చిన్న కరెంటు కాయిలు. డాబా లేనివాళ్లకు హీట్ పంపు. "ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది చూడండి. అదే సంగతి. ఇది కరెంటుతో నీళ్లు కాచదు, గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లకిస్తుంది. అందుకే మామూలు గీజరు తినే దాంట్లో మూడో వంతు కూడా తినదు" అని చెప్పేవాడు. రెండూ పెట్టుకునే తాహతు లేనివాళ్లుంటే ఉన్న గీజరునే ఊడదీసి, పైసా పుచ్చుకోకుండా బయటి గోడకు మార్చేవాడు. కొందరు ఇళ్లు మారిపోయారు, వాళ్ల కొత్త చిరునామాలు వెతుక్కుంటూ వెళ్లాడు. అలా అయిదేళ్లలో నలభై ఒకటి పూర్తయ్యాయి.

మిగిలింది లెక్కల టీచరమ్మ ఇల్లు. రిటైరై ఒంటరిగా ఉంటోంది. నాలుగుసార్లు వెళితే నాలుగుసార్లూ గుమ్మంలోంచే పంపేసింది. అయిదోసారి వెళ్లే నాటికి మేస్త్రీ కుడి భుజం పట్టేసి సంచి ఎత్తలేకపోతున్నాడు. భార్య సంచి అందుకుని వెంట నడిచింది.

టీచరమ్మ ఆమెను చూసి ఇద్దరినీ లోపలికి రానిచ్చింది.

"చూడు మేస్త్రీ, నాకు లెక్కలు చెప్పకు. నలభై ఏళ్లు నేను చెప్పిన పనే అది" అంది. "నాకు ఒక్క బకెట్టు నీళ్లు చాలు. కొత్తది పెడితే నేనున్నన్నాళ్లలో ఆ ఖర్చు తిరిగి రాదు. నీ పొదుపు నా దగ్గర తప్పుతుంది."

"అది సరేనమ్మా. ఆ గది కిటికీ అయినా తెరిచి ఉంచుతారా?"

"పక్క మేడ వాళ్లకు కనిపిస్తుందని మేకులు కొట్టించాను. ఎందుకు?"

మేస్త్రీ నేల చూస్తూ, "మా అమ్మాయి అలాగే పోయిందమ్మా" అన్నాడు.

మొదలుపెట్టాక ఆగలేదు. జలుబు, ముసురు, కుళాయి పెట్టె అట్ట, అన్నీ చెప్పాడు. డాక్టరమ్మ అడిగితే చెప్పిన అబద్ధం చెప్పాడు. పిల్లను ఆటోలో వదిలి తాను వెనక్కి పరిగెత్తిన నిమిషం గురించి కూడా చెప్పాడు. భార్య తలుపు పక్కన సంచి పట్టుకుని నిలబడే ఉంది. అతను అటువైపు చూడలేదు.

టీచరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "రేపు వచ్చి తీసెయ్యి నాయనా. బదులు ఏది పెడతావో నీ ఇష్టం" అంది.

బస్సు కోసం ఇద్దరూ రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. రెండు బస్సులు వచ్చి పోయాయి. ఎవరూ లేవలేదు.

"ఆ అట్ట సంగతి నాకు తెలియదనుకున్నారా?" అంది భార్య.

మేస్త్రీ తలెత్తాడు.

"పెట్టమన్నది నేను. పిల్లకు జలుబు ముదురుతోంది, ఆ కంతకు ఏదైనా అడ్డం పెట్టండని మిషను దగ్గర్నుంచి రెండుసార్లు అరిచాను. మీరు బద్ధకిస్తే స్టూలు కూడా నేనే తెచ్చి వేశాను."

అతనికి ఆ మాట గుర్తులేదు. ఎంత తలుచుకున్నా తన చేతులూ, అట్టముక్కా, కంతా తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి" అందామె. "ఎవరో ఒకరు పట్టుకోకపోతే మీరు దాని మీద నిలబడగలరా? కింద కూర్చుని పట్టుకున్నది నేనే."

నిజమే. ఆ రోజు స్టూలు కదల్లేదు.

"ఎప్పుడైనా ఒక్కసారి అంటారనుకున్నాను. మూయమన్నది నువ్వే కదా అని. ఆరేళ్లు ఎదురుచూశాను. మీరు అనలేదు. జాలిపడి అనడం లేదనుకున్నాను. మీ జాలి చూసినకొద్దీ మీ మొహం చూడబుద్ధి కాలేదు నాకు."

"నాకు గుర్తే లేదు" అన్నాడు మేస్త్రీ. "ఒట్టు. నువ్వు అన్న సంగతే గుర్తులేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు పోయిన నాడు కూడా అతను ఆమె ఏడుపు ఇంత దగ్గర నుంచి వినలేదు. భుజం మీద చెయ్యి వేద్దామంటే కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. తప్పు ఇద్దరిదీ అని తెలిసినా అది సగమూ కాలేదు, తగ్గనూ లేదు. కాకపోతే ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు మోసినదాన్ని ఆ బల్ల మీద ఇద్దరి మధ్యా దించారు.

వారంలో టీచరమ్మ పెరట్లో చిన్న హీట్ పంపు కూర్చుంది. ఆవిడే దగ్గరుండి కిటికీ మేకులు ఊడదీయించి, లోపలిది బయటికి కనిపించని గరుకు అద్దం బిగించుకుంది.

ఆ పని అయిన నెలకు భార్య అన్నం వడ్డిస్తూ, "గిన్నెలు మోయలేకపోతున్నాను. మనింటి మీదా ఎండ పడుతోంది కదా" అంది. భుజం నొప్పి కాస్త తగ్గాక అతను ఒక్కడే రెండు రోజులు డాబా మీద మెల్లగా పనిచేసి సోలారు బిగించాడు. మంటా గ్యాసూ లేవు. గొట్టంలో ఎండకు కాగిన నీళ్లు, అంతే. అందులో ప్రమాదం లేదని ఊరందరికీ చెప్పినవాడు అతనే.

మొదటి రోజు ఆమె స్నానానికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది, గడియ పెట్టలేదు. అతను వసారాలో పీట వేసుకుని కూర్చున్నాడు. లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. కాసేపటికి, "ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను" అంది.

కొంచెం ఆగి మళ్లీ అడిగాడు. విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి బతికినన్నాళ్లూ ఆమె స్నానానికి వెళ్లిన ప్రతిసారీ అతను ఆ పీట మీదే కూర్చున్నాడు, ఆమె ప్రతిసారీ జవాబు చెప్పింది.