మూత తీయకూడని పెట్టె

పార్సిలు విప్పగానే గుప్పుమని రెండు వాసనలు వచ్చాయి. ఒకటి కొత్త చెక్క మీద పూసిన వార్నిషుది. రెండోది దాని అడుగున నక్కి ఉంది, తీగలు అతికేటప్పుడు లేచే పొగ వాసన, కాస్త గుగ్గిలంలాగా, కాస్త కాలిన ఇనుములాగా. అది ముక్కుకి తగిలిందో లేదో, వేసవి సెలవులు అయిపోయాక నందిగామ బస్సు దిగి, భుజాన సంచీతో, చొక్కా నిండా అదే వాసనతో జగ్గయ్యపేటలో మా సందు మలుపు తిరిగి వచ్చిన మా అన్నయ్య కళ్ళ ముందు నిలబడ్డాడు. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి పూర్తి చేశాడు, నేను ఏడు.

ఈ పెట్టె పంపింది కూడా వాడే. హైదరాబాదులో అన్నయ్యకి చిన్న కంపెనీ ఉంది. మనిషి అలికిడికి వెలిగే లైట్లు, ట్యాంకు నిండితే కూసే గంటలు, అలాంటి ఇంటి సామాన్లు తయారు చేస్తాడు. ఈ మధ్య కుర్రకారు బల్ల చుట్టూ చేరి, ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్ళు తలా ఒక మాంత్రికుడో వీరుడో అయిపోయి, పాచికలు వేసుకుంటూ గంటల తరబడి ఆడే ఆటలు వచ్చాయి కదా, వాటికి కావలసిన సరంజామా కూడా మొదలుపెట్టాడు. అందులో మొదటి సరుకు ఈ దీపాల పెట్టె. పంపేముందు ఫోను చేశాడు.

"చెల్లాయ్, మన చిన్నప్పటి ఆట గురించి రెండు పేజీలు రాసివ్వవే. ప్రతి పెట్టెలోనూ అచ్చేసి పెడతా. నాయనమ్మ, చింతపండు, అన్నీ రావాలి. నువ్వు రాస్తే కళ్ళకి కట్టినట్టుంటది."

అబద్ధమెందుకు, పొంగిపోయాను. ఇన్నేళ్ళకి వాడికి ఆ ఆట గుర్తొచ్చింది, ఆటతో పాటు నేనూ గుర్తొచ్చాను అనుకున్నాను. ఆ సంబరంలోనే రాయడానికి కూర్చున్నాను.

మా ఇంట్లో ఆ ఆట చింతపండు కొట్టేటప్పుడు పుట్టింది. ఎండలు ముదిరి, ఊరి చుట్టూ ఉన్న సున్నపురాతి నేల పెనంలా కాలుతూ, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలిలో తేలి వచ్చి ఇంటిల్లిపాదీ తుమ్ముతూ ఉండే రోజుల్లో, చందర్లపాడు నుంచి నాయనమ్మ పుట్టింటివాళ్ళు గోనెసంచుల్లో చింతకాయ పంపేవాళ్ళు. దాన్ని పెంకు వలిచి, ఈనెలు లాగి, రాతి మీద సుత్తితో కొట్టి గింజ తీసి, ఉప్పు వేసి జాడీలకెత్తేదాకా ఇంట్లో ఎవరికీ విడుదల ఉండేది కాదు. పులుపుకి గోళ్ళ సందులు మండిపోయేవి. పిల్లలు లేచి పారిపోకుండా కూర్చోబెట్టడానికి నాయనమ్మకి తెలిసిన ఉపాయం ఒక్కటే, కథ. అది కూడా మామూలుగా చెప్పేది కాదు మహాతల్లి, మమ్మల్నే కథలోకి తోసేసేది.

"అదిగో, గుహ ముందుకొచ్చావ్. లోపల ఏదో బుసకొడుతోంది. ఏం చేస్తావే ఇప్పుడు?" అని సుత్తి ఆపి నా మొహంలోకి చూసేది.

లోపలికి వెళతానంటే ఊరికే వెళ్ళనిచ్చేది కాదు. ఒక పక్క తెల్లగా వచ్చేదాకా అరగదీసిన చింతగింజలు నాలుగు నా చేతిలో పోసేది. వెయ్యాలి. తెల్లవి ఎక్కువ పడితే పాము చచ్చినట్టు, నల్లవి ఎక్కువైతే నేను చచ్చినట్టు. చస్తే మళ్ళీ ఇంకో గంప చింతకాయ వలిస్తేనే బతకడం. అన్నయ్య చచ్చినప్పుడల్లా పేచీ పెట్టేవాడు, ఇంకోసారి వేస్తానని బతిమాలేవాడు. నాయనమ్మ కరిగేది కాదు. "గింజ చెప్పిందే మాట. దానికి అన్న లేడు, చెల్లెలు లేదు," అనేది. పొయ్యి మీద గింజలు వేయించి పెడితే, పటపటా నములుతూ ఆ మాటని నేను వేదంలా నమ్మాను.

నాయనమ్మకి చూపు మందగించి మంచానికి పరిమితమయ్యాక కథ చెప్పే పెత్తనం అన్నయ్య తీసుకున్నాడు. బాగానే చెప్పేవాడు, ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు. మున్నేటి నీళ్ళ అడుగున కోటలుండేవి, నందిగామ అవతల కీసర దాటాక హైవే మీద లారీలు రాక్షసులయ్యేవి, పత్తిమిల్లులో దూది బస్తాల వెనక మాయలాడి కాపురముండేది. నేను ఎప్పుడూ రాణినే. కిరీటం ఉన్న రాణిని కాదు, కత్తి ఉన్న రాణిని.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు రంగుదీపాలు కట్టిన ప్రభబండి నుంచి తెగి రాలిన సీరియల్ బల్బులు దుమ్ములో దొరికాయి. చెరకు రసం, కోవా, రంగుల రాట్నం, దేనిమీదా నా ధ్యాస లేదు. గుప్పెట్లో ఆ బల్బులు పట్టుకుని ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గింజ పడగానే దీపం వెలిగితే ఎలా ఉంటుంది? అదీ నా గోల. మూడో రోజున మిల్లులో గుమస్తాగా పనిచేసే మా నాన్న పారేసిన సిగరెట్ పెట్టెలోంచి వెండికాగితం తీసి, అన్నం మెతుకులతో గింజ తెల్లపక్కకి అంటించాను. చెప్పుల అట్టపెట్టెలో నాలుగు అరలు చేసి, ఒక్కో అరలో అడుగున రెండేసి డ్రాయింగు పిన్నులు గుచ్చాం. గింజ వెండిపక్క కిందకి పడితే పిన్నులు రెండూ కలిసి, కరెంటుకి దారి దొరికి, మూతకున్న కన్నంలోంచి బల్బు మిణుక్కుమనేది. మొదటిసారి వెలిగినప్పుడు నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పామనుకుని కర్ర పట్టుకొచ్చారు.

వెండికాగితం ఊహ నాది, తీగలు చుట్టింది అన్నయ్య. పెట్టెకి రెండు నియమాలు పెట్టాడు వాడు. మూత తీయకూడదు, తీస్తే గింజలు కదిలి రాత మారిపోతుంది. ఇంకోటి, కథ చెప్పేవాడే పెట్టెని ఒళ్ళో పెట్టుకోవాలి, ఎందుకంటే టార్చిలైటు బ్యాటరీకి తగిలే తీగని కింద నుంచి ఎడం బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. ఆడేవాళ్ళు మూత మీద దబదబా చరిస్తే గింజలు ఎగిరి పడతాయి, ఎన్ని దీపాలు వెలిగితే అంత బలం.

"ఆ తీగని దారంతో కట్టేద్దాం రా, నీ వేలు నొప్పెడుతుంది కదా," అన్నాను ఒకసారి.

"కట్టేస్తే వేడెక్కి బ్యాటరీ పేలుద్ది. నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు.

ఊరుకున్నాను. వాడి వేలు ఎర్రగా కందిపోయేది, నేను పాపమని దానికి వెన్న రాసేదాన్ని.

నందిగామలో మా బాబాయికి రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టుండేది. ఆ వేసవిలో ఇంటికొచ్చి మా పెట్టె చూసి, అటూ ఇటూ తిప్పి, మా నాన్నతో, "ఒకళ్ళని నా దగ్గరికి పంపు అన్నయ్యా, సెలవులయ్యేదాకా ఉంచుకుని పని నేర్పుతా. ఇద్దరైతే నా వల్ల కాదు, కొట్లో బల్ల ఒక్కటే," అన్నాడు. "ఈ వెండికాగితం పని ఎవరిదిరా? బుర్ర ఉందే!" అని కూడా అన్నాడు. నేను నాదే అని చెయ్యెత్తాను. నాన్న నవ్వి, ఎవరు వెళ్ళేదీ మీరే తేల్చుకోండర్రా అన్నాడు.

ఎలా తేలుస్తాం, పెట్టెతోనే. పెరటి అరుగు మీద కూర్చున్నాం.  ఆ బల్ల, దాని మీద వేడివేడి సోల్డరింగు కడ్డీ, పొట్ట విప్పిన రేడియోలు, వాటిలో రంగురంగుల తీగలు, అన్నీ అప్పటికే నావైపోయినట్టు రాత్రి కలగన్నాను. అన్నయ్య ఎప్పటిలాగే పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. నాయనమ్మని తలుచుకుని మూత మీద చరిచాను. ఒక్క దీపం కూడా వెలగలేదు. వాడు చరిచాడు. రెండు వెలిగాయి.

నేను ఏడవలేదు. పేచీ కూడా పెట్టలేదు. గింజ చెప్పింది, అంతే. మర్నాడు అన్నయ్య నందిగామ బస్సెక్కాడు, నన్ను పక్కింటి అక్క దగ్గరికి కుట్టుపనికి పంపారు. కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ ఆ వేసవంతా గడిపాను. అన్నయ్య తిరిగొచ్చాక చెడిపోయిన రేడియో ఒకటి పలికించి చూపిస్తే వీధివీధంతా మెచ్చుకుంది. ఆ తర్వాత వాడు పాలిటెక్నిక్‌కి వెళ్ళాడు. నేను తీగ ముట్టుకోలేదు. ఈనాటికీ ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం కూర్చుంటాను. నాకు రాసిపెట్టి లేదని నాకు నేనే చెప్పుకుని, స్కూల్లో సోషల్ పాఠాలు చెప్పుకుంటూ హాయిగానే ఉన్నాను.

నిన్న ఇక్కడిదాకా రాసి మా అమ్మాయికి చూపించాను. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకి వచ్చింది. అది చదువుతూనే మావయ్య పంపిన పెట్టెని చేతిలో తిప్పుతోంది. నున్నటి చెక్క, చింతగింజల్లాంటి నల్లటి ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక పక్క వెండిరేకు. నా వెండిరేకు.

"అమ్మా, ఇది చూడు, భలే ఉంది," అంది పెట్టెని తలకిందులు చేసి. అడుగున, ఎడమ అంచుకి, చిన్న గుంట, అందులో మీట. "కథ చెప్పేవాళ్ళకన్నమాట. ఇక్కడ బొటనవేలు పెట్టుకోవాలి. వేలు తీసేస్తే గింజ ఎలా పడినా దీపాలు వెలగవు. ఎవరు గెలవాలో మనమే అనుకోవచ్చు, ఆడేవాళ్ళకి తెలీదు."

నా వేలు పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.  మూత తీయకూడదు. తీగ కట్టకూడదు. వెన్న రాసిన వేలు. ఇన్నేళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టుకుని తిరిగానన్నమాట!  వెంటనే అన్నయ్యకి ఫోను చేశాను.

"ఆ రోజు వేలు తీశావా?" అన్నాను.

"ఏ రోజు?"

"నందిగామ రోజు."

 నవ్వినట్టు చేశాడు. "తీసా. చిన్నపిల్లలం కదే. అయినా నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నా ఇన్నాళ్ళూ. మరీ అంత నమ్మేశావా?"

నమ్మానురా. నీ అంత తెలివి లేక కాదు, నువ్వు అన్నయ్యవని నమ్మాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు.

"సరేగానీ, రాస్తున్నావా? ఆ సంగతి మాత్రం వద్దులే, బాగోదు," అన్నాడు.

ఫోను పెట్టేశాను. నందిగామలో బాబాయి కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. మా పెరటి అరుగు లేదు. చింతపండు గింజ తీసేసి ప్యాకెట్లలో వస్తోంది, ఇది రాస్తూ చేతిలో పట్టుకుందామని నిన్న గింజ ఒక్కటి కోసం నాలుగు కొట్లు తిరిగాను. అవన్నీ పోయాయని చాలాసార్లు బాధపడ్డాను, పోతే పోయాయి. ఓడిపోయినా సరే, న్యాయంగా ఓడిపోయానన్న ఒక్క ధైర్యం మిగిలి ఉండేది నాకు. నిన్నటితో అదీ పోయింది.

అన్నయ్యా, నువ్వడిగిన పేజీలు ఇవే. నాయనమ్మ వచ్చింది, చింతపండు వచ్చింది, తిరునాళ్ళ బల్బులు కూడా వచ్చాయి. నువ్వు వద్దన్నదీ వచ్చింది. అచ్చేస్తే మొత్తం అచ్చెయ్యి. ఈసారి మూత నేనే తీశాను.