రంగు వదిలిన నీళ్లు

వీధిలో అందరూ ఆమెను రంగులక్క అనేవారు. పెళ్లయిన కొత్తలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్క గంగాళంతో నూలుకు రంగు వేయడం మొదలుపెట్టింది. పిల్లలు బడికెళ్లే వయసు వచ్చేసరికి గంగాళం పోయి తొట్లు వచ్చాయి. ఆమె గోళ్లు ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉండేవి. నూలుకు పట్టగా మిగిలిన రంగునీళ్లను పక్క కాలువలోకి వదిలేసేది.

ఆ కాలువ తోడికోడలి పెరటి వెంబడే పోతుంది. ఒక ఉదయం ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి షెడ్డు గట్టు మీద పెట్టింది. నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"మా బావిలోవి చెల్లీ," అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది రంగులక్కకు.

ఆ పూటే తొట్ల కింద పొయ్యిలు ఆర్పేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా మునిసిపాలిటీ ఆయన కూడా వచ్చి, నీళ్లు శుభ్రం చేసే ఏర్పాటు చూపించేదాకా షెడ్డు తెరవొద్దన్నాడు. రంగులక్క రోజూ తన కుళాయి నీళ్లు బిందెలతో మోసి తోడికోడలింట్లో పోసి వచ్చేది. ఆవిడ తలుపు తీసేది గానీ నోరు విప్పేది కాదు.

నీటి సరఫరా కేంద్రంలో పనిచేసే భర్త స్నేహితుడు ఉపాయం చెప్పాడు.

"బొగ్గు వాడండమ్మా."

"ఉన్న రంగులు చాలకనా?" అన్నాడు భర్త.

"పొయ్యి బొగ్గు కాదురా. కొబ్బరి చిప్పల బొగ్గును ఆవిరిలో మళ్లీ కాలుస్తారు. యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. ఒక్కో పలుకు నిండా కంటికి ఆనని చిల్లులే. నీళ్లు జారిపోతాయి, రంగు అక్కడే అతుక్కుంటుంది."

ముందు నీళ్లు తేరడానికి ఒక తొట్టి, ఆ తర్వాత ఇసుక డ్రమ్ము, చివర బొగ్గు డ్రమ్ము అమర్చుకున్నారు. బొగ్గు డ్రమ్ము కుళాయి తిప్పితే నీళ్లు కాటుకలా వచ్చాయి. రంగులక్క వెంటనే కుళాయి కట్టేసింది. భర్త తన స్నేహితుడికి ఫోను చేశాడు.

"బొగ్గును కడిగారా?" అన్నాడతను.

"బొగ్గును కడగడమేంట్రా?"

"పప్పు కడగరూ? అలాగే. పొడి పోయేదాకా కడిగి, అప్పుడు రంగునీళ్లు వదలండి."

నల్లనీళ్లు తేటబడేదాకా ఇద్దరూ కడిగారు. మళ్లీ కుళాయి తిప్పారు. ఎర్రగా లోపలికి పోయిన నీళ్లు బయటికి తేటగా వచ్చాయి. రంగులక్క దోసిట పట్టి చూసింది. అరచేతి గీతలు కనిపిస్తున్నాయి.

గోడ అవతల నుంచి తోడికోడలు తొంగి చూసింది. "తాగొచ్చా?"

"వద్దక్కా. రంగు పోయింది గానీ, నూలుకు రంగు పట్టడానికి వేసిన ఉప్పు పోదు. తొట్లు కడుక్కోవడానికి వాడుకుంటా."

మునిసిపాలిటీ ఆయన నీళ్లు పరీక్ష చేయించి షెడ్డు తెరవమన్నాడు. బావి నీళ్లు తోడించారు. వానలు పడి కొత్త నీరు ఊరాక పరీక్షకు పంపితే బాగున్నాయని కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం తోడికోడలు షెడ్డులోకి వచ్చి కూర్చుంది.

"ఇక బిందెలు మొయ్యకు చెల్లీ, నడుం పడిపోతుంది," అంది. తర్వాత తన మోకాళ్ల నొప్పుల గురించి, కోడలి వంట గురించి చాలాసేపు చెప్పింది. రంగులక్కకు ఆ మాటలు ఎంత హాయిగా ఉన్నాయంటే, ఊఁ కొడుతూ కొడుతూ నూలు మూటకు ఆనుకుని నిద్రపోయింది. భోజనానికి పిలవబోయిన భర్తను తోడికోడలు చేత్తోనే ఆపింది.