మావయ్యకు వానపాములు

మా వీధి సెలూన్ ఆయన దువ్వెనలు కడిగే గ్లాసు ఎంత తేటగా ఉంటుందో, వెనక గోడవారన చేపల తొట్టి కూడా అంతే తేటగా ఉంటుంది. అందులో ఒకటే చేప, ఆస్కార్ జాతిది. అరచెయ్యంత ఉంటుంది. ఎప్పుడూ అలిగినట్టు మూతి ముడుచుకునే ఉంటుంది కాబట్టి అందరూ 'మావయ్య' అంటారు. బతికున్నదాన్ని మింగితే తప్ప మావయ్యకు తిన్నట్టుండదు. చూసి 'పాపం' అని నిట్టూర్చేవాళ్ళు గడ్డం గీయించుకుని నేరుగా మాంసం కొట్టుకే వెళ్తారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం.

సెలూన్ ఆయన పెరట్లో తానే పెంచిన గప్పీలనే చిట్టి చేపల్ని దానికి మేతగా వేసేవాడు. వాటి తొట్టి పగిలి ఒక్కటీ మిగల్లేదు. కొట్లో కొన్న మేత గుళికలు వేస్తే మావయ్య ఉమ్మేశాడు. పది రోజులకు పొట్ట లోపలికి పోయింది. పదకొండో రోజు సైకిళ్ళు బాగుచేసే బావమరిది నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచీ నిండా చిన్న గోల్డ్ ఫిష్‌లు తెచ్చాడు.

"ఎలా ఎగురుతున్నాయో చూడు బావా! వేసెయ్."

"మూడు వారాలు విడిగా ఉంచి చూడాలిరా. ఏ రోగముందో ఏమో."

"ఈలోపు మావయ్య పోతాడు! తినేసేవాటికి ఆసుపత్రి ఏంటి, నీ చాదస్తం మండ!"

"ఇంకొకడి తలలో తిప్పిన దువ్వెన కడక్కుండా నీ తలలో పెట్టనా?"

కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి కూడా బావమరిది పక్షమే. అయినా సెలూన్ ఆయన చేపల్ని బకెట్లో వదిలి, దానికో వేరే చేతివల పెట్టి, ఇంట్లో ఉన్న భార్యను కేకేశాడు.

"ఏమేవ్, పూలకుండీల్లో పురుగుమందేమైనా కొట్టావా?"

"మందా? నీళ్ళు పోసే దిక్కే లేదు వాటికి!"

ఆ కుండీల్లోంచి వానపాములు తీశాడు. కడుపులో మట్టి పోయేదాకా తడిగుడ్డలో ఉంచి, కడిగి, పాత కత్తెరతో ముక్కలుచేసి ఒకటి తొట్టిలో వేశాడు. మావయ్య నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. మళ్ళీ అందుకుని మింగేశాడు. ఇంకో ముక్క కోసం పైకొచ్చాడు.

ఐదో రోజుకి బకెట్లో చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు. బావమరిది వంగి చాలాసేపు చూశాడు.

"ఏరా, వేసెయ్యమన్నావుగా?" అంది వాడి అక్క.

వాడు ఆ మాట విననట్టే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "బావా, కటింగ్."

"ఉండరా. నిన్ను కూడా మూడు వారాలు బకెట్లో పెట్టి చూడాలి."

"సరేగానీ, దువ్వెన కడిగావా?"

వెనక మావయ్య కడుపు నిండినా మూతి ముడుచుకునే ఉన్నాడు.